తాళం వేసిన కంబళ్ళు

పొద్దున్నే టీవీలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఇంత అని అంకె కనబడగానే మా ఇంట్లో పిల్లలు స్వెట్టరు వేసుకోవాలా వద్దా అని తేల్చేసుకుంటారు. తలుపు తీసి బయట చెయ్యి పెట్టి చూడరు. వాళ్ళను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఆ అంకెను నమ్మడంలో నేను వాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివాను. నా చదువు ఒక పెద్దాయన ప్రాణం మీదికి తెచ్చింది.

మీరంతా కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు. రూల్సు పుస్తకం చేతికిచ్చి దాని ప్రకారం నడుచుకోమంటారు. నడుచుకోండి, నేను వద్దనను. కానీ తు.చ. తప్పకుండా నడుచుకున్నవాడు ఏం చేశాడో కూడా ఒకసారి వినండి.

ఇది పంతొమ్మిది వందల యాభైల చివర్లో సంగతి. సండూరు పైన, యశ్వంతనగర్ దగ్గర కొండమీద ఒక ఇనుప ఖనిజం గనిలో నేను గుమాస్తాగా ఉండేవాణ్ణి. కంపెనీ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకు ఇది గుర్తుండకపోతే వాళ్ళ అదృష్టం.

మాది బళ్ళారి బజారులో మూడు తరాలుగా పత్తి వ్యాపారం చేసిన ఇల్లు. పత్తి గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ముసురు పట్టిన రోజుల్లో రైతు పత్తి తెస్తే మా నాన్న వెంటనే తూకం వేసేవాడు కాదు. మూటలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, పిడికెడు పత్తి బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడేవాడు. చెయ్యి బయటికి తీసి, "నీళ్ళు తాగింది, మధ్యాన్నం చూద్దాంలే" అనేవాడు. వాన తగలకపోయినా, మూట గోడౌనులోనే ఉన్నా, తేమ గాలిలో పత్తి తనంతట తాను నీళ్ళు తాగి బరువెక్కుతుంది. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి నా మోచేతికి కూడా ఆ విద్య వచ్చేసింది. ఆ తరవాత నేను ఇంగ్లీషు చదువుకుని, అంగడిలో కూర్చోవడం నామోషీ అనుకుని, కొండెక్కి గుమాస్తాను అయ్యాను. మోచెయ్యి మాత్రం నాతోనే వచ్చింది. దాన్ని వాడుకోవాలనే బుద్ధి రాలేదు, అంతే.

గనిలో నా పనులు మూడు. పొద్దున కూలీలకు నంబరు బిళ్ళలు ఇచ్చి హాజరు రాయడం, స్టోరు తాళంచెవి మొలకు కట్టుకుని సామాను కాపాడటం, ఆరు గంటలకు ఆఫీసు వరండాలో వేలాడే థర్మామీటరు చూసి అంకె పుస్తకంలో రాయడం. అప్పట్లో ఫారెన్‌హీటు లెక్క. కంపెనీ రూలు ఒకటి ఉండేది. పాదరసం అరవైకి కిందికి పోతే చలి ఉన్నట్టు. ఆరోజు పని గంట ఆలస్యంగా మొదలవుతుంది, కూలీల రేకుల గుడిసెలకు తలా ఒక మోపు కట్టెలు ఇస్తారు. అరవై, ఆపైన ఉంటే చలి లేనట్టు. కట్టెలు లేవు, ఆలస్యం లేదు. చలి ఉందో లేదో తేల్చే అధికారం ఇరవై రెండేళ్ళవాడికి దొరికితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను ఆ పుస్తకంలో అంకె రాసేటప్పుడు గొంతు సవరించుకునేవాణ్ణి.

నేను చేరింది డిసెంబరులో. జనవరిలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి పొడిగా, పెదవులు పగిలేట్టు ఉండేది. అంకె యాభై ఎనిమిదికి దిగితే నేను దర్జాగా కట్టెలు పంచాను. కూలీలు వాటితో నీళ్ళు కాచుకుని స్నానాలు చేశారు. చలికి ముడుచుకున్నవాడు ఒక్కడూ కనబడలేదు. ఇంత చలిలో వీళ్ళు భలే గట్టివాళ్ళు అనుకున్నాను. అనుమానం రావలసింది అక్కడే. రాలేదు.

ఆ కూలీల్లో సమ్మెటతో రాయి పగలగొట్టే పెద్దాయన ఒకడు ఉండేవాడు. అరవై దాటిన మనిషి. రాయదుర్గం పక్క మెట్ట ఊరు. ఒకప్పుడు గొర్రెల మంద ఉండేదట, కరువులో పోయిందట. ఆయన బిళ్ళ నంబరు నలభై ఒకటి. అందరూ ఆయన్ను తాతా అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. బిళ్ళ ఇచ్చేటప్పుడు రోజూ ఏదో ఒక మాట అని నవ్వించి పోయేవాడు. "ఏందప్పా, నీ అద్దం ఈ పొద్దు ఏమంటాంది?" అనేది ఆయన పలకరింపు. థర్మామీటరును ఆయన అద్దం అనేవాడు.

ఆ ఏడాదే వానలు తగ్గాక, అక్టోబరులో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుడిసెలన్నీ తిరిగి, కంబళ్ళు దులిపించి చూశాడు. పేలు. నిజంగానే ఉన్నాయి, నేను కళ్ళారా చూశాను కాబట్టి ఆయన్ను తప్పుపట్టను. కంబళ్ళన్నీ స్వాధీనం చేసుకోవాలి, ఆవిరి పట్టే పెద్ద డ్రమ్ము బళ్ళారి నుంచి వారంలో వస్తుంది, దాంట్లో ఉడికించాకే తిరిగి ఇవ్వాలి అని రాసి సంతకం పెట్టి పోయాడు. అందాకా కూలీలకు కంపెనీ తరఫున కొత్త నూలు దుప్పట్లు.

ఆ దుప్పట్లు ఎంపిక చేసింది నేనే. బట్ట సంగతి నీకు తెలుసు కదా అని మేనేజరు నన్నే బళ్ళారి పంపాడు. దళసరి నూలు, మెత్తటి నేత, చెంపకు ఆనిస్తే హాయిగా ఉండే రకం తెచ్చాను. గరుకు కంబళ్ళ బదులు ఇంత మంచివి ఇస్తుంటే వాళ్ళ ముఖాల్లో సంతోషం కనబడదేమని లోలోపల చిన్నబుచ్చుకున్నాను కూడా.

కంబళ్ళు ఒక్కొక్కటే తీసుకుని, మడత పెట్టి, బిళ్ళ నంబరు రాసిన అట్టముక్క కుట్టించాను. మడతకు రెండు నాఫ్తలీను ఉండలు, మధ్యలో ఎండు వేపాకు. సామాను జాగ్రత్త విషయంలో నాకు వంక పెట్టగలిగినవాడు లేడు. నలభై ఒకటో నంబరు కంబళి నల్లది, అంచుకు తెల్ల పోగు. పెద్దాయన దాన్ని నా చేతిలో పెట్టి వెంటనే వదల్లేదు.

"మా గొర్రెల బొచ్చుతోనే నేయించినాను అప్పా. మందలో మిగిలింది ఇదొక్కటే. జాగ్రత్త. మూల పెడితే పురుగు కొడతాది" అన్నాడు.

"నా దగ్గర పురుగు కొట్టడమా తాతా? వారంలో ఇస్తా, ఎట్లా ఇచ్చినావో అట్లా" అన్నాను.

వారంలో డ్రమ్ము రాలేదు. ఉత్తరం రాశాం. వస్తుందని జవాబు వచ్చింది. ఎండలు ఉన్నాయి కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నవంబరులో ముసురు పట్టింది. కింద సండూరులో వట్టి మబ్బు, మా కొండమీద మాత్రం ఆ మబ్బే వచ్చి కూర్చుంది. పది అడుగుల అవతల మనిషి కనబడడు. వాన పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. గుడిసెల రేకుల లోపలి వైపు నీటి బొట్లు కట్టి, నిద్రపోయేవాళ్ళ మీద రాలేవి. ఆఫీసులో కాగితం మీద కలం పెడితే సిరా పాకేది. థర్మామీటరు మాత్రం అరవై మూడు దగ్గర నిలబడి కదల్లేదు.

మూడో రోజు పొద్దున వరండా ముందు పదిమంది నిలబడ్డారు. ముందు గంపలు మోసే ఆడవాళ్ళ పెద్ద, ఆమె పక్కన పెద్దాయన.

"కట్టెలు ఇయ్యప్పా, పిల్లోళ్ళు వణుకుతాండారు" అంది ఆమె.

"అరవై మూడు ఉండాది చూడక్కా. అరవైకి కిందికి పోతేనే కట్టెలు."

"మాకు చలి అయితాందప్పా."

"అదెట్లక్కా? పోయిన జనవరిలో యాభై ఎనిమిదికి దిగినప్పుడు మీరు అంగి లేకుండా తిరిగినారు. ఇప్పుడు దానికంటే అయిదు ఎక్కువే ఉండాది. అప్పుడు లేని చలి ఇప్పుడు యాడనుంచి వస్తాది?"

తిరుగులేని మాట అన్నానని నాకు తృప్తి. పెద్దాయన తలపాగా తీసి నీళ్ళు విదిలించి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అప్పుడు చలి బయట ఉన్నిందప్పా. ఇప్పుడు దుప్పట్లోకి వచ్చి మాతోపాటు పండుకుంటాంది" అన్నాడు.

"అద్దం అబద్ధం చెప్తాదా తాతా?"

"అబద్ధం కాదు. దాని పాటికి అది నిజమే చెప్తాంది. అద్దానికి బట్టలు లేవు కదప్పా, దానికేం తెలుస్తాది దుప్పటి సంగతి?" అన్నాడు నవ్వుతూ. తరవాత కాస్త దగ్గరికి వచ్చి, "కట్టెలు లేకుంటే పోనీ. మా కంబళ్ళన్నా మాకియ్యి" అన్నాడు.

"డ్రమ్ము రానీ తాతా, ఇస్తా."

ఆయన బిళ్ళ తీసుకుని సమ్మెట భుజాన వేసుకుని పోయాడు. అద్దానికి బట్టలు లేవన్న మాట నాకు భలే తమాషాగా తోచి హెడ్ గుమాస్తాకు చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సమ్మెట పని చేసేవాడికి ఒళ్ళంతా చెమట. ముసురులో ఆ చెమట ఆరదు. తడిసిన అంగీతోనే గుడిసెకు పోయి, దాని మీద దుప్పటి కప్పుకోవాలి. అయిదో రోజు నలభై ఒకటో నంబరు బిళ్ళ కిటికీ దగ్గర మిగిలిపోయింది. నేను ఆబ్సెంటు రాశాను. ఆరో రోజూ రాశాను. ఏడో రోజు పొద్దున ఇద్దరు మోసుకొచ్చి ఆయన్ను ఖనిజం లారీ ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఊపిరి తీస్తుంటే ఛాతీలో గురగుర వినబడుతోంది. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు మాత్రం కటకటలాడుతున్నాయి. బళ్ళారి ఆసుపత్రికి పంపుతున్నారు, తోడుగా ఆడవాళ్ళ పెద్ద పోతోంది.

దుప్పటి జారిపోతుంటే సర్దుదామని నేను పైకెక్కి చెయ్యి దాని మడతలోకి పోనిచ్చాను. మోచేతిదాకా పోయింది. నాకు తెలియకుండానే పిడికిలి బిగించాను.

నీళ్ళు తాగింది.

మా నాన్న గోడౌనులో కళ్ళు మూసుకుని నిలబడ్డట్టు నేను లారీ మెట్టు మీద నిలబడిపోయాను. వాన తగలని దుప్పటి. గుడిసె లోపలే ఉన్న దుప్పటి. పిండితే బొట్టు రాదు. అయినా లోపల ప్రతి పోగూ చల్లగా, బరువుగా, తడిగా ఉంది. పత్తి ముసురులో ఏం చేస్తుందో పన్నెండో ఏట తెలిసినవాణ్ణి, అదే పత్తిని నేసి, మెత్తగా ఉందని మురిసిపోయి, నూరుమందికి కప్పాను.

"వాని కంబళి నీ దగ్గరే ఉండాది కదప్పా, ఇయ్యి, దోవలో కప్పుతా" అంది ఆమె.

తాళంచెవి నా మొలకే ఉంది. స్టోరు ముప్పై అడుగుల దూరం. "సంతకం కావాలక్కా, మేనేజరు ఇంకా రాలేదు" అని నా నోటినుంచి వచ్చింది. ఆమె నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. డ్రైవరు లారీ స్టార్టు చేశాడు. మబ్బులో వెనక దీపం రెండు మలుపులదాకా కనబడింది.

ఆరోజు గుడిసెల నుంచి ఒక దుప్పటి తెచ్చి స్టోరు తక్కెడలో తూచాను. మెస్సు పొయ్యి దగ్గర బాగా ఆరబెట్టి మళ్ళీ తూచాను. అర పౌండు తగ్గింది. కాగితం మీద రాసుకుని హెడ్ గుమాస్తా ముందు పెట్టాను. ఆయనది హడగలి పక్క కన్నడం ఊరు. తెలుగు మాట్లాడితే సగం కన్నడం దొర్లేది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఏ విషయాన్నయినా ముందు వెక్కిరించి తరవాత ఆలోచించే మనిషి.

"సరి, కంబళి కూడా తూచప్పా" అన్నాడు.

స్టోరులోనుంచి ఒక కంబళి తీసి అలాగే చేశాను. అది దాదాపు ఒక పౌండు తగ్గింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"నోడు, చూడు! నీ దుప్పటి కంటే కంబళి ఇంకా పెద్ద తాగుబోతు. ఇప్పుడేం చెప్తావ్ మేనేజరుకు?"

నిజమే. కంబళి ఇంకా ఎక్కువ నీళ్ళు తాగింది. అద్దానికి బట్టలు లేవన్న మాట గుర్తొచ్చి, థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి వరండాలో వేలాడదీశాను. కాసేపయ్యాక చూస్తే అరవై మూడు ఎక్కడికీ పోలేదు, మహా అయితే ఒక గీత అటూ ఇటూ. మబ్బులో తడిగుడ్డ ఆరేదెక్కడ? ఆరితే కదా చల్లబడేది. హెడ్ గుమాస్తా మళ్ళీ నవ్వాడు.

ఆ నవ్వుతూనే ఆయన తన కాఫీ చెంబు మూత తీశాడు. మధ్యాహ్నం మెస్సునుంచి తెప్పించుకుని, తువ్వాలు చుట్టి బల్ల కింద పెట్టుకుని, మూడుసార్లు తాగడం ఆయన అలవాటు. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"థూ, అప్పుడే తణ్ణగాయితు, చల్లారిపోయింది. చలికాలంలో ఇదే చెంబు, ఇదే తువ్వాలు, నాలుగుదాకా వేడిగా ఉంటాండె."

నేను లేచిపోయి ఆయన తువ్వాలు పట్టుకున్నాను. నీళ్ళు తాగింది. అప్పుడు తట్టింది. పాదరసానికి సొంత వేడి లేదు. చుట్టూ ఎంత ఉంటే అదీ అంతే. మనిషికి, కాఫీ చెంబుకు లోపల వేడి ఉంది. చలి అంటే బయట ఎంత ఉందనేది ఒక్కటే కాదు, లోపలి వేడి ఎంత తొందరగా పోతోందన్నది కూడా. థర్మామీటరును అడగవలసిన ప్రశ్న అది. నేను ఏడాదిగా వేరే ప్రశ్న అడుగుతున్నాను.

మెస్సునుంచి ఒకే సైజు చెంబులు మూడు తెచ్చాను. మనిషి ఒంటి వేడికి సరిపోయేట్టు నీళ్ళు కాచి మూడింటిలో పోసి మూతలు పెట్టాను. ఒకదానికి పొయ్యి దగ్గర ఆరబెట్టిన నూలు దుప్పటి, రెండోదానికి గుడిసెలో ఉన్న నూలు దుప్పటి, మూడోదానికి ఆరబెట్టని కంబళి చుట్టి వరండాలో వరసగా పెట్టాను. హెడ్ గుమాస్తా గడియారం పట్టుకుని కూర్చున్నాడు. గంట తరవాత విప్పాం. ఆరబెట్టిన దుప్పటి చెంబులో నీళ్ళు ఇంకా స్నానానికి పనికొస్తాయి. కంబళి చెంబులో నీళ్ళూ దాదాపు అంతే, చిటికెన వేలు ముంచితే తెలిసేంత తేడా. గుడిసె దుప్పటి చెంబులో నీళ్ళు ముఖం కడుక్కోవడానికి కూడా పనికిరావు.

నాకు ఆ తరవాత చదువుకున్నవాళ్ళు చెప్పారు. దుప్పటి వెచ్చన కాదు, దాని పోగుల సందుల్లో చిక్కిన పొడి గాలి వెచ్చన. నూలు నీళ్ళు తాగితే మెత్తబడి, అణిగి, ఒంటికి అంటుకుపోతుంది. గాలి ఉండే చోట నీళ్ళు చేరతాయి, నీళ్ళు ఒంటి వేడిని లాగేస్తాయి. గొర్రె బొచ్చు ఎంత తాగినా అణగదు, బిరుసుగా నిలబడి గాలిని వదలదు. అందుకే పొడి ఊళ్ళో యాభై ఎనిమిదికి ఒక పంచె చాలు, మబ్బులో అరవై మూడుకు నాలుగు దుప్పట్లు చాలవు. పొడి గాలిలో తడి ఒంటితో నిలబడితే మాత్రం కథ వేరు, అప్పుడు నీళ్ళు గబగబ ఆరుతూ వణికించి వదులుతాయి. స్నానం చేసి బయటికి వచ్చినవాళ్ళకు ఇది తెలుసు. ఈ మాటలన్నీ పెద్దాయన ఒక్క ముక్కలో చెప్పాడు, చలి దుప్పట్లోకి వచ్చి పండుకుంటోందని. నేను నవ్వాను.

హెడ్ గుమాస్తా చల్లారిన చెంబులో వేలు పెట్టి తీసి, తువ్వాలుకు తుడుచుకున్నాడు. మరుసటి పొద్దున నేను స్టోరు ముందు నిలబడి మొలనుంచి తాళంచెవి తీస్తుంటే దగ్గరికి వచ్చాడు.

"మేనేజరు పది గంటలకు వస్తాడు. నాను ఏనూ నోడిల్ల. నేనేం చూడలేదప్పా. టిఫినుకు పోతాండా" అని, మెస్సు వైపు కాకుండా కూలీల గుడిసెల వైపు నడిచాడు. పది నిమిషాల్లో గుడిసెలన్నీ ఖాళీ అయి జనం స్టోరు ముందు వరసకట్టారు.

నంబరు పిలవడం, కంబళి ఇవ్వడం. నాఫ్తలీను వాసన మబ్బులో కలిసిపోయింది. ఒక్కరూ కృతజ్ఞతలు చెప్పలేదు. వాళ్ళ సొత్తు వాళ్ళు తీసుకుంటున్నారు, ఎందుకు చెప్తారు? ఒకామె కంబళిని అక్కడే ముసుగుపెట్టుకుని, "ఎండ వస్తానే బండలమీద పరచి పేలు మేమే చంపుకుంటాం, నీకా భయం వద్దప్పా" అంది. అర గంటలో స్టోరు ఖాళీ. అడుగున ఒక్కటి మిగిలింది, నల్లది, అంచుకు తెల్ల పోగు.

మేనేజరు బందరు పక్క సముద్రపు ఒడ్డు మనిషి. మంచివాడే కానీ కాగితం తప్పితే ఆయనకు నిద్ర పట్టదు. పదింటికి పిలిచాడు.

"ఏమయ్యా, ఎవర్నడిగి ఇచ్చావు?"

"ఎవర్నీ అడగలేదండి."

"ఆర్డరు నీ చేతికే కదా ఇచ్చింది?"

"అవునండి."

"ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసండి. ఒక గంట ఓపిక పట్టి ఇది చూసి తీసేయండి" అని వేడి నీళ్ళ చెంబులు రెండు ఆయన బల్లమీదే పెట్టి, ఒకదానికి గుడిసె దుప్పటి, ఒకదానికి ఒక కూలీని అడిగి తెచ్చిన కంబళి చుట్టాను. ఆయన నన్ను నిలబెట్టే ఫైళ్ళు చూసుకున్నాడు. గంటయ్యాక రెండు చెంబుల్లోనూ వేలు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. తరవాత తన కోటు చెయ్యి అంచు వేళ్ళతో నలిపి చూసుకున్నాడు. ముసురు మొదలైనప్పటినుంచి ఆయన ఒంటిమీద ఉన్నది ఉన్ని కోటు. నూలు చొక్కాతో తిరిగినవాణ్ణి ఆ ఆఫీసులో నేనొక్కణ్ణే, నాకు పడకగదిలో బొగ్గుల కుంపటి ఉండేది.

"పద, పని చూసుకో" అన్నాడు.

రెండు రోజుల తరవాత ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, ఆర్డరు మీరినందుకు నాకు మెమో. రెండోది, మబ్బు దిగిన రోజుల్లో అంకెతో సంబంధం లేకుండా కట్టెలు ఇవ్వాలని కొత్త రూలు. రెండింటిమీదా ఒకే సంతకం. ఆవిరి డ్రమ్ము ఆ తరవాతి వేసవిలో వచ్చింది. మెస్సువాళ్ళు దాంట్లో బియ్యం పోసుకున్నారు.

కథ ఇక్కడితో ముగిస్తే నేను చాలా గొప్పవాణ్ణి. అందుకే ముగించడం లేదు.

జనవరిలో సెలవు దొరగ్గానే నలభై ఒకటో నంబరు కంబళి చంకన పెట్టుకుని బళ్ళారి దిగాను. పొద్దున ఎనిమిది గంటలకు ఆసుపత్రికి పోయాను. వరండా గోడకు ఒక థర్మామీటరు ఉంది. అలవాటు కొద్దీ ముందు దాన్నే చూశాను. యాభై ఏడు. కొండమీద ముసురులో కూడా అంతకు దిగలేదు. ఆకాశం నీలంగా, గాలి పొడిగా ఉంది. వరండా మెట్టు మీద పెద్దాయన ఒక పంచె భుజాల చుట్టూ వేసుకుని ఎండకు కాళ్ళు చాపి కూర్చున్నాడు. సగం మనిషి అయిపోయాడు. సమ్మెట ఎత్తిన భుజాలు పంచె కింద ఎముకలుగా కనబడుతున్నాయి. ఒక పక్క ఊపిరితిత్తి పాడైంది, ఇక బరువు పని చేయకూడదని డాక్టరు చెప్పాడట. ఊళ్ళో అల్లుడికి నాలుగు గొర్రెలు ఉన్నాయి, వాటిని మేపుకుంటానన్నాడు.

"చలి లేదా తాతా?"

"ఉండాదప్పా. బయట ఉండాది" అన్నాడు నవ్వుతూ. నవ్వు మధ్యలో దగ్గు వచ్చి కాసేపు ఆగాడు.

నేను చెప్పాలనుకున్నవి దారంతా వల్లించుకున్నాను. ఆరోజు లారీ దగ్గర తాళంచెవి నా మొలకే ఉందని, ముప్పై అడుగులు నడిస్తే సరిపోయేదని, సంతకం అనేది వట్టి సాకని చెప్పాలనుకున్నాను. అవేవీ చెప్పకుండా కంబళి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన అట్టముక్క తెంపి పక్కన పెట్టి, మడతలు విప్పి, రెండు చేతులా పట్టుకుని ఎండకు అడ్డంగా ఎత్తి చూశాడు. ఆ చివరనుంచి ఈ చివరదాకా వెలుగులో జరుపుతూ చూశాడు. అంచులు తడిమాడు. వాసన చూశాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని నొక్కాడు.

"మాట నిలబెట్టుకున్నావప్పా. ఎంత జాగ్రత్తగా పెట్టినావు! ఒక్క చోట కూడా పురుగు కొట్టలేదు" అన్నాడు.

వెక్కిరింపు ఏమైనా ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. లేదు. ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. నా పనిని అంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.